పాత కారును పాడి బర్రెను చూచినట్లు చూచి కొనండి

ధర్మసాగర్, ఎల్కుర్తి, పెద్దపెండ్యాల, ఉనికిచర్ల వంటి గ్రామాల నుండి ప్రతిరోజు కాజీపేట, హన్మకొండ, వరంగల్‌కు పనికి వెళ్లి వచ్చేవారు పాల సంఘ సభ్యుల ఇండ్లలో చాలామంది ఉన్నారు. ఉదయం పాలు పితికి, సంఘంలో పోసి, తరువాత బయలుదేరేవారికి బస్సు వేళలు అన్నిసార్లు కుదరవు. సాయంత్రం పాల వేళకు తిరిగి ఇల్లు చేరాలి. ఇంట్లో పెద్దలను ఎం.జి.ఎం. ఆసుపత్రికి తీసుకువెళ్లవలసి వచ్చినా, వానలో పిల్లలను కాలేజీలో దింపవలసి వచ్చినా మోటారు సైకిలు చాలదు. ఈ కారణాల వలన సెకండ్‌హ్యాండ్ కారు కొనాలనే ఆలోచన ఇప్పుడు పల్లెల్లో సాధారణమైంది.

అయితే పాత కారు కొనుగోలులో మోసపోతే పోయేది రెండు మూడు సంవత్సరాల పాల డబ్బు. కావున కొనే ముందు చూడవలసిన విషయాలను ఇక్కడ వరుసగా వివరిస్తున్నాము. ఇందులో మనకు పూర్తిగా కొత్త విద్య ఏదీ లేదు. అంగడిలో బర్రెను కొనేటప్పుడు పండ్లు చూస్తాము, ఎన్నవ ఈతో అడుగుతాము, నడిపించి చూస్తాము, పొదుగు నిండుగా ఉన్నదని మురిసిపోక రెండు మూడు పూటలు పిండించి చూస్తాము. పూట పాలు నిలిపి పొదుగు నింపి చూపే బేరగాళ్లు ఉన్నట్లే, ఇంజను కడిగి, సీట్లకు కొత్త కవర్లు తొడిగి చూపేవారు కూడా ఉన్నారు. ఆ జాగ్రత్తనే కారుకు కూడా వర్తింపజేయాలి.

కారు నిజంగా అవసరమా?

మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇది. ఒక్కరే వెళ్లి వచ్చే పని అయితే, దారిలో బస్సు దొరికితే, కారు అవసరం లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. నెలకు ఒకటి రెండుసార్లు ఆసుపత్రికో పెండ్లికో వెళ్లడానికి మాత్రమే కారు కావలసినవారు ఆ రోజులకు కిరాయి బండి మాట్లాడుకొనుటే లాభం. ప్రతిరోజు ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లవలసిన ఇంటికి, వేళ తప్పితే జీతమో పాలో నష్టపోయే ఇంటికి, రెండు చక్రాల బండి నడపలేని ఆరోగ్య స్థితి ఉన్నవారికి కారు అవసరమే.

ధర వేరు, ఖర్చు వేరు

చాలామంది కారు ధర ఒక్కటే చూస్తారు. బర్రెను కొన్న ధర ఒక ఎత్తు, దాణా, గడ్డి, మందుల ఖర్చు మరొక ఎత్తు అని మనకు తెలుసు. కారుకు కూడా దాణా ఉంది. ఒక ఉదాహరణ చూద్దాం.

రాకపోకలు కలిపి రోజుకు 40 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు అనుకుంటే నెలకు 1,040 కిలోమీటర్లు అవుతుంది. పాత చిన్న కారు లీటరుకు 18 కిలోమీటర్లు ఇస్తే సుమారు 58 లీటర్ల పెట్రోలు కావాలి. లీటరు 107 రూపాయల లెక్కన ఇది దాదాపు 6,200 రూపాయలు. కారు కొరకు 2 లక్షల రూపాయలు 14 శాతం వడ్డీకి, 3 సంవత్సరాల గడువుతో అప్పు తీసుకుంటే నెల కిస్తీ సుమారు 6,835 రూపాయలు. మూడేండ్లలో వడ్డీయే 46,000 రూపాయలు. బీమా, ఆయిల్ మార్పు, టైర్లు, బ్యాటరీ, చిన్న చిన్న రిపేర్ల కొరకు నెలకు 2,000 రూపాయలు ప్రక్కన పెట్టాలి. మొత్తం నెలకు 15,000 రూపాయలు.

పాలకు లీటరుకు 50 రూపాయలు వస్తున్నాయనుకుంటే ఇది నెలకు 300 లీటర్ల పాల విలువ. అనగా ఆ కారు రోజుకు 10 లీటర్ల పాలు త్రాగుతుంది. అదే దూరానికి లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే మోటారు సైకిలుకు నెలకు పెట్రోలు ఖర్చు 2,200 రూపాయలు మాత్రమే. మీ ఇంటి దూరం, మీ పాల ధర, మీ అప్పు వడ్డీ వేసుకొని ఇదే లెక్కను కాగితం మీద చేయండి. కొట్టంలో ఏ బర్రె పాలు ఆ కారుకు పోతున్నవో తెలిసిన తరువాతనే బేరానికి వెళ్లండి.

చేతిలో ఉన్న డబ్బు మొత్తం కారు ధరకే ఇవ్వరాదు. 2 లక్షలు ఉంటే 1 లక్షా 70 వేల లోపు బండిని చూచి, మిగిలినది పేరు మార్పుకు, బీమాకు, మొదటి సర్వీసుకు, అవసరమైతే టైర్లకు ఉంచుకోవాలి. పాత బండి ఇంటికి వచ్చిన మొదటి నెలలోనే ఏదో ఒక ఖర్చు చూపుతుంది.

ఏ బండిని ఎంచుకోవాలి?

పాత బండి విషయంలో నమ్మకమంటే మూడు సంగతులు. చెడిపోవడం తక్కువగా ఉండాలి, చెడిపోతే హన్మకొండలో ఏ మెకానిక్ అయినా బాగుచేయగలగాలి, విడిభాగం ఆ రోజే దొరకాలి. ఈ లెక్కన ఎక్కువగా అమ్ముడుపోయిన చిన్న పెట్రోలు కార్లే మేలు. మారుతి ఆల్టో, వ్యాగన్ ఆర్, స్విఫ్ట్, హ్యుందాయ్ సాంత్రో, ఐ10 ఈ కోవలోనివి. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 మన దేశంలో సామాన్యునికి కారు నేర్పిన బండి. కాని దాని తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. కావున ఇప్పుడు దొరికే 800లన్నీ బాగా వయసు మళ్లినవే. ధర తక్కువ అని ప్రతిరోజు ప్రయాణానికి దానిని ఎంచుకొనుట అంత మంచిది కాదు.

షెవ్రోలే కార్ల అమ్మకం మన దేశంలో 2017 చివర ఆగిపోయింది. ఫోర్డ్ కంపెనీ ఇక్కడ తయారీని ఆపివేస్తున్నట్లు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. డాట్సన్ 2022లో ఆగింది. ఇటువంటి బండ్లు చౌకగా వస్తాయి. బండి మంచిదే కావచ్చు గాని, విడిభాగం కొరకు వారం రోజులు ఆగవలసి వస్తే ఆ వారం మీ పని ఏమవుతుందో ఆలోచించండి.

డీజిలు బండి మైలేజి ఎక్కువ ఇచ్చినా, దాని ఇంజను రిపేరు ఖర్చు కూడా ఎక్కువ. రోజుకు 40 కిలోమీటర్ల ప్రయాణానికి పెట్రోలు బండి చాలు. గ్యాసు బండి చూస్తే ఆ కిట్టు వివరం ఆర్.సి.లో నమోదై ఉండాలి. సి.ఎన్.జి. సిలిండరుకు మూడు సంవత్సరాలకు ఒకసారి ఒత్తిడి పరీక్ష జరిగినట్లు కాగితం ఉండాలి.

మరొక సంగతి. ఇప్పుడు దేశంలో పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుపుతున్నారు. దీనికి తగిన రబ్బరు భాగాలు 2023 ఏప్రిల్ తరువాత తయారైన బండ్లలో ఉంటాయి. అంతకంటే పాత బండ్లలో మైలేజి కొంత తగ్గవచ్చు, పెట్రోలు గొట్టాలు త్వరగా పాడు కావచ్చు. కొన్న వెంటనే ఆ గొట్టాలను మెకానిక్‌కు చూపించి, పగుళ్లు ఉంటే మార్పించాలి.

వీలైతే 2019 జూలై తరువాత తయారైన బండిని చూడండి. 2019 జూలై 1 నుండి తయారయ్యే కార్లలో డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగ్, సీటుబెల్టు గుర్తు చేసే గంట, వేగం హెచ్చరిక, వెనుకకు తీసేటప్పుడు హెచ్చరించే సెన్సారు తప్పనిసరి చేశారు. కాజీపేట, స్టేషన్ ఘన్‌పూర్ మధ్య జాతీయ రహదారిపై ప్రతిరోజు తిరిగేవారికి ఇది ప్రాణానికి సంబంధించిన విషయం.

సుఖంగా ఉన్నదా అన్నది కూర్చుంటేనే తెలుస్తుంది

రోజూ గంటకు పైగా కూర్చోవలసిన సీటు అది. కనీసం అర గంట నడిపి చూడండి. తొడ క్రింద సీటు ఆనుతున్నదా, నడుము నొప్పి పుట్టిందా, క్లచ్ నొక్కుటకు ఎడమ కాలు లాగుతున్నదా గమనించండి. ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దలుంటే వారిని కూడా తీసుకువెళ్లి ఎక్కించి దించి చూడండి. వ్యాగన్ ఆర్, పాత సాంత్రో వంటి ఎత్తు బండ్లలో వంగకుండా ఎక్కవచ్చు. ఎండాకాలం మన ప్రాంతంలో ఏ.సి. విలాసం కాదు. మధ్యాహ్నం ఎండలో బండి నిలబెట్టి, తరువాత ఏ.సి. వేసి, ఎంతసేపటికి చల్లబడునో చూడాలి.

బండి ఎక్కడి నుండి వచ్చింది?

నెంబరు చూస్తే కొంత చరిత్ర తెలుస్తుంది. ఏపీ 36 అంటే రాష్ట్ర విభజనకు ముందు వరంగల్ జిల్లాలో రిజిస్టరయిన బండి. 2014 జూన్ తరువాత టీఎస్ 03, 2024 మార్చి నుండి టీజీ వరుస వచ్చాయి. ఊరి బండి అయితే దానిని వాడినవారిని, బాగుచేసిన మెకానిక్‌ను అడిగి తెలుసుకొనే వీలుంటుంది. ఇది పెద్ద లాభం.

వేరే రాష్ట్రపు బండి చౌకగా వచ్చినపుడు కారణం విచారించాలి. ఢిల్లీలో 10 సంవత్సరాలు దాటిన డీజిలు, 15 సంవత్సరాలు దాటిన పెట్రోలు బండ్లపై 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఆంక్షలు విధించిన తరువాత అక్కడి పాత బండ్లు ఇతర రాష్ట్రాలకు తరలివచ్చాయి. అటువంటి బండికి అక్కడి రవాణా కార్యాలయం నుండి ఎన్.ఓ.సి. తేవాలి, ఇక్కడ జీవిత పన్ను కట్టాలి. ఈ ఖర్చు కలిపితే చౌక అన్నది చాలాసార్లు మిగలదు.

నీటిలో మునిగిన బండ్ల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. 2020 అక్టోబరులో హైదరాబాదు, 2023 జూలైలో వరంగల్, హన్మకొండ, 2025 అక్టోబరు చివర మొంథా తుఫానులో మళ్లీ మన నగరం వరదలో చిక్కుకున్నాయి. ఆ రోజుల్లో ఇంటి ముందు నిలిపిన కార్లు ఎన్నో నీట మునిగాయి. అటువంటి బండి బయటకు మెరుస్తూ కనిపించినా లోపల వైర్లు మెల్లగా తుప్పుపట్టి, ఒక్కొక్కటిగా మొరాయిస్తాయి. గుర్తులు ఇవి: సీటుబెల్టును పూర్తిగా బయటకు లాగితే చివర బురద చార కనిపించుట, నేల చాప ఎత్తితే ఒండ్రు లేక ముక్క వాసన, సీటు క్రింది ఇనుప పట్టాలకు తుప్పు, దీపాల అద్దాల లోపల నీటి ఆవిరి. ఇందులో ఏ రెండు కనిపించినా ఆ బేరం వదలివేయుటే క్షేమం.

పరీక్ష చేయవలసిన విధానం

సంఘంలో పాలను కంటితో చూచి వెన్న శాతం వ్రాయరు గదా, పరీక్ష చేసి వ్రాస్తారు. కారుకు కూడా పరీక్షే ప్రమాణం.

1. ఉదయం పూట, ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. బానెట్ మీద చేయి పెట్టి చూడండి. మీరు రాకముందే వేడి చేసి ఉంచితే స్టార్టింగు లోపం దాచుతున్నారని అనుమానించాలి.

2. స్టార్టు చేసి పొగ చూడండి. నీలి పొగ వస్తే ఇంజను ఆయిలు మండుతున్నది. నల్ల పొగ వస్తే పెట్రోలు వృథాగా పోతున్నది. చలికాలం ఉదయం కొద్దిసేపు తెల్లని ఆవిరి సహజం. అది ఆగకుండా వస్తుంటే ఇంజనులోనికి నీరు చేరుతున్నదని అర్థం.

3. ఇంజను ఆపి, ఆయిలు పోసే మూత తీసి చూడండి. మూత క్రింద మీగడ వంటి తెల్లని జిగురు ఉంటే ఆయిలులో నీరు కలిసి ఉండవచ్చు. పాలలో మీగడ లాభం గాని, ఇంజనులో అది పెద్ద ఖర్చు.

4. కిలోమీటర్ల మీటరు త్రిప్పివేయుట పాత మోసం. రీడింగు 40 వేలు ఉండి, క్లచ్, బ్రేకు పెడళ్ల రబ్బరు అరిగి నున్నగా ఉంటే నమ్మరాదు. కంపెనీ సర్వీసు సెంటరులో చేసిన సర్వీసుల రికార్డు చూపమని యజమానిని అడగండి. అందులో తేదీ, రీడింగు ఉంటాయి.

5. టైరు ప్రక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2321 అంటే 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైనది. టైరు ఒక ప్రక్కనే అరిగి ఉంటే చక్రాల అమరికలోనో, క్రింది భాగంలోనో లోపం ఉన్నది.

6. చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి తలుపులు, మడ్‌గార్డుల మీద ఆనించండి. అంటుకోని చోట పుట్టీ పెట్టి రంగు వేశారు. బానెట్, డోర్ల బోల్టుల మీద రంగు చెదరి ఉంటే విప్పి బిగించారు. ఏ ప్రమాదంలో జరిగిందో అడగాలి.

7. నడిపేటప్పుడు స్పీడు బ్రేకరు మీద, గుంతల రోడ్డు మీద, హైవే మీద మూడు చోట్లా నడపండి. స్టీరింగు వదిలితే ఒక ప్రక్కకు లాగరాదు. బ్రేకు నొక్కితే బండి తిన్నగా నిలవాలి. గేర్లు బిగుసుకోరాదు. హైవే మీద చేతులు పూర్తిగా వదలక, రోడ్డు ఖాళీగా ఉన్నచోట తక్కువ వేగంలోనే ఈ పరీక్ష చేయాలి.

చివరగా, మీకు నమ్మకమైన మెకానిక్‌ను కూలి ఇచ్చి వెంట తీసుకువెళ్లండి. అమ్మేవాడు చూపిన మెకానిక్ పనికిరాడు. బండిని లిఫ్టు మీద ఎత్తి క్రింది భాగం చూపించుట అన్నిటికంటె ముఖ్యం. ఒకే చూపులో తేల్చక, మరొక రోజు మరొక వేళ మళ్లీ చూడండి. బర్రెను రెండు పూటలు పిండించినట్లే ఇది.

కాగితాలు: అసలు చిక్కు ఇక్కడే

బండి మంచిదై కాగితం చెడ్డదైతే బండి మీది కాదు. ఆర్.సి.లోని ఛాసిస్ నెంబరు, ఇంజను నెంబరు బండి మీద ఉన్నవాటితో మీరే స్వయంగా సరిచూడాలి. అమ్మేవాడే ఆర్.సి.లోని యజమానియా, మధ్యవర్తియా తెలుసుకోవాలి. బ్యాంకు అప్పు పేరు ఆర్.సి.లో ఉంటే, అప్పు తీరినట్లు బ్యాంకు పత్రం, ఫారం 35 తేనిదే డబ్బు ఇవ్వరాదు. పోలీసు చలానాలు బాకీ ఉన్నవేమో బండి నెంబరుతో ఆన్‌లైనులో చూడవచ్చు.

కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లుతుంది. 2011లో రిజిస్టరయిన బండికి 2026లో గడువు తీరుతుంది. తరువాత ఫారం 25తో దరఖాస్తు పెట్టి, బండి తనిఖీ చేయించి, 5 సంవత్సరాలకు పొడిగించుకోవాలి. ఈ ఫీజును 2022 ఏప్రిల్ 1 నుండి కారుకు 5,000 రూపాయలు చేశారు. గడువు దగ్గరపడిన బండి ధరలో ఈ ఖర్చు, హరిత పన్ను తగ్గించి బేరమాడాలి.

పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 మీద ఇద్దరూ సంతకం చేయాలి. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం ఒకే రాష్ట్రంలో అమ్మినవారు 14 రోజులలో, కొన్నవారు 30 రోజులలో రవాణా కార్యాలయానికి తెలుపవలెను. మూడవ వ్యక్తికి నష్టం కలిగితే వర్తించే బీమా కొత్త యజమానికి దానంతట అదే మారినట్లు చట్టం భావిస్తుంది. కాని మీ కారుకు జరిగిన నష్టం రావాలంటే పాలసీ మీ పేరున మారాలి. ఇందుకు 14 రోజులలో బీమా కంపెనీకి దరఖాస్తు పెట్టాలి. పాత యజమాని సంపాదించిన నో క్లెయిమ్ బోనసు మీకు రాదు.

డీలరు వద్ద కొంటే, 2023 ఏప్రిల్ 1 నుండి అమలైన నిబంధనల ప్రకారం రవాణా శాఖ ఇచ్చిన అధికార పత్రం అతని వద్ద ఉన్నదేమో అడిగి చూడండి.

కారు అమ్మే సభ్యులకు కూడా ఒక మాట

పేరు మారకుండా బండి ఇచ్చివేసి డబ్బు తీసుకుంటే పని అయిపోయిందని అనుకోరాదు. సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరి 6న ఒక కేసులో తీర్పు చెప్పింది. ఒక కారు ఒకరి నుండి ఒకరికి చేతులు మారి నాలుగవ వ్యక్తి వద్దకు చేరింది. కాని ఆర్.సి.లో మొదటివాని పేరే ఉండిపోయింది. కారు వలన ప్రమాదం జరిగింది. పరిహారం బాధ్యత ఆర్.సి.లో పేరున్నవానిదేనని కోర్టు తేల్చింది. అతడు బండిని అమ్మి అప్పటికి దాదాపు రెండు సంవత్సరాలు. కావున అమ్మినవారు తమ భూమి, పశువుల క్షేమం కొరకైనా పేరు మార్పు తామే దగ్గరుండి చేయించుకోవాలి.

ఈ కారణం చేత ఇద్దరికీ న్యాయమైన పద్ధతి ఇది. బయానా కొద్దిగా ఇచ్చి రశీదు తీసుకోండి. మిగతా సొమ్ములో ఎక్కువ భాగాన్ని బండి తీసుకొనేరోజు బ్యాంకు ద్వారా చెల్లించండి. చివరి భాగాన్ని పేరు మార్పు దరఖాస్తు రవాణా కార్యాలయంలో దాఖలైన తరువాతనే ఇవ్వండి. బండి అప్పగించిన తేదీ, వేళ, మీటరు రీడింగు కాగితం మీద వ్రాసి, ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించండి. రెండు తాళం చెవులూ అడిగి తీసుకోండి.

కొన్న తరువాత

వెంటనే ఇంజను ఆయిలు, ఫిల్టర్లు, బ్రేకు ద్రవం మార్పించి, ఆ రోజు రీడింగు వ్రాసిపెట్టుకోండి. పాల పాసుబుక్కు వలె కారుకు కూడా ఒక చిన్న పుస్తకం పెట్టి పెట్రోలు, రిపేరు ఖర్చు వ్రాయండి. మైలేజి తగ్గుతున్నదంటే జబ్బు మొదలైందని పుస్తకమే చెబుతుంది. సొంత వాడకం కారును కిరాయికి త్రిప్పరాదు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చెల్లించనని చెప్పే అవకాశం ఉన్నది. పాల క్యాన్లకు కూడా కారు తగినది కాదు. 40 లీటర్ల పాలే 41 కిలోలు, పైగా క్యాను బరువు. ఒకసారి చాప మీద పాలు ఒలికితే ఆ వాసన నెలల తరబడి పోదు.

అంగడిలో తొందరపడి బర్రెను తోలుకొచ్చినవాడు మరుసటి ఉదయం చెంబు పట్టినప్పుడు విచారిస్తాడు. మంచి బండి ఈ వారం దాటిపోయినా మరొక వారం మరొకటి వస్తుంది. లెక్క, పరీక్ష, కాగితం ఈ మూడూ సరిపడినప్పుడే కొనండి. ఈ విషయాలను సంఘ సమావేశంలో చదివి, కారు కొనదలచిన తోటి సభ్యులకు కూడా తెలియజేయగోరుతున్నాము.